రోమ్‌లో మూడు రోజులు: ముందు భోజనం వేళలు రాసుకోండి, టికెట్లు ఆ తర్వాత

రోమ్ ట్రిప్ అనగానే అందరం మొదట చేసే పని ఒకటే, చూడాల్సిన చోట్లన్నీ రాసుకుని, దొరికిన టైముకి దొరికినట్టు టికెట్లు కొనేసి, తిండి సంగతి అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అనుకోవడం. మొదటిసారి నేనూ అలాగే వెళ్ళాను. వాటికన్ మ్యూజియానికి పదకొండున్నర స్లాట్ దొరికింది కదా అని తీసుకున్నాను, లోపల అన్నీ చూసి బయటపడేసరికి మూడు దాటింది, అప్పటికి ఆ చుట్టుపక్కల మంచి హోటళ్ళన్నీ పొయ్యి కట్టేశాయి. తెరిచి ఉన్నది ఒక్కటే, గుమ్మంలో ఒకాయన నిలబడి లోపలికి రమ్మని పిలుస్తున్నది. అక్కడ వేడిచేసి పెట్టిన లజానియా తిని, సాయంత్రం ఆకలి లేక రాత్రి భోజనం కూడా సరిగ్గా చేయలేదు. ఉన్న మూడు రోజుల్లో ఒక రోజు తిండి మొత్తం అలా పోయింది.

అందుకే చెప్తున్నాను, రోమ్‌లో ప్లాన్ భోజనం వేళలతో మొదలుపెట్టండి. అక్కడ మధ్యాహ్నం వంట దాదాపు పన్నెండున్నర నుంచి రెండున్నర, మహా అయితే మూడు దాకా. మళ్ళీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడున్నరకి. రోమ్ వాళ్ళు తినేది ఎనిమిదిన్నర, తొమ్మిదికి. మధ్యలో కాఫీ బార్లు, ముక్కల లెక్కన పీజ్జా అమ్మే కొట్లు, జెలాటో అనే ఇటలీ ఐస్‌క్రీమ్ దొరుకుతాయి గానీ కూర్చుని తినే అసలు భోజనం దొరకదు. రోజంతా ఆపకుండా వడ్డించే చోటు ఉంటే అది ఎక్కువగా టూరిస్టుల కోసమే నడుస్తుందని అర్థం. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి మీరు ఏ పేటలో ఉండాలో ముందు తేల్చుకుని, దానికి సరిపోయేలా పొద్దుటి టికెట్ కొనండి. ఈ ఒక్క మార్పుతో ట్రిప్ ఎంత బాగుంటుందో వెళ్ళాక మీకే తెలుస్తుంది.

రెండో సంగతి, వారాలు. రోమ్‌లో ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూసుకోకుండా టికెట్లు కొంటే చాలా ఇబ్బంది. వాటికన్ మ్యూజియాలకి ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితంగా తెరుస్తారు, కానీ ఆ రోజు క్యూ చూస్తే ఉచితం మీద ఆశ పోతుంది. బోర్గేసే గ్యాలరీకి సోమవారం సెలవు. తెస్తాచ్చో మార్కెట్ ఆదివారం ఉండదు. యూదుల పేట గెట్టోలో కోషర్ అనే యూదుల ఆహార నియమం పాటించే హోటళ్ళు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా మూసేస్తారు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం కాబట్టి ఆ రోజు కొలోసియం దగ్గర జనం విపరీతం. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు బాగా కుదిరింది గురువారం సాయంత్రం దిగి సోమవారం పొద్దున్న బయల్దేరడం. శుక్రవారం వాటికన్, శనివారం తెస్తాచ్చో, ఆదివారం కొలోసియం, గెట్టో. ఆ ఆదివారం నెలలో మొదటిది కాకుండా చూసుకోండి.

గురువారం దిగడానికి ఇంకో కారణం కూడా ఉంది. రోమ్‌లో ఒక పాత మాట ఉంది, "జోవెదీ న్యోక్కి, వెనెర్దీ పెషె, సాబతో ట్రిప్పా" అని. గురువారం బంగాళాదుంప ఉండలతో చేసే న్యోక్కి, శుక్రవారం చేప, శనివారం బోటి. పాతకాలం పద్ధతి మానని చిన్న హోటళ్ళలో ఈ వంటకాలు ఆయా రోజుల్లోనే పలక మీద రాసి కనిపిస్తాయి. ప్లాన్ దీని చుట్టూ అల్లుకుంటే ఊరి లెక్కలో ఊరిని చూసినట్టు ఉంటుంది, నాకైతే అది చాలా ఇష్టం.

ఇక ముందుగా కొనాల్సిన టికెట్లు. మూడు రోజులకి పెద్దవి రెండే పెట్టుకోండి, వాటికన్ మ్యూజియాలు, కొలోసియం. రెండూ పొద్దుటి స్లాట్లే, రెండూ వేర్వేరు రోజుల్లో. కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో సందర్శన తేదీకి నెల రోజుల ముందు నుంచి వస్తాయి, మంచి టైములు త్వరగా అయిపోతాయి, అందుకని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. టికెట్ మీద మనిషి పేరు ఉంటుంది, లోపలికి వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు అడుగుతారు, కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు కొట్టండి. అదే టికెట్‌తో పక్కనే ఉన్న పాత నగరం శిథిలాలు, అంటే రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. మూడోది కూడా కావాలనిపిస్తే బోర్గేసే గ్యాలరీ పెట్టుకోండి, రిజర్వేషన్ లేకుండా రానివ్వరు, లోపల రెండు గంటలే ఉండనిస్తారు. ప్లూటో దేవుడు ప్రోసర్పీనాని ఎత్తుకుపోతున్నట్టు బెర్నీని చెక్కిన విగ్రహంలో ఆయన చేతివేళ్ళు ఆమె తొడలోకి దిగినచోట పాలరాయి నిజంగా మెత్తటి ఒళ్ళులా కనిపిస్తుంది, అది చూడ్డానికే వెళ్ళేవాళ్ళున్నారు. కానీ మూడు పెద్ద టికెట్లు పెడితే మాత్రం మీ తిండి వేళల్లో ఒకటి తప్పకుండా దెబ్బతింటుంది, ఆలోచించుకుని కొనండి.

బస విషయం క్లుప్తంగా చెప్తాను. టెర్మినీ స్టేషన్ పక్కన గదులు చౌకగా ఉంటాయి, రాకపోకలకి సులువు, కానీ సాయంత్రం తిరగడానికి, తినడానికి ఆ చుట్టుపక్కల అంత బాగుండదు. మోంతీ, ప్రాతి, తెస్తాచ్చో, ఈ మూడు పేటల్లో ఎక్కడ దొరికినా తీసుకోండి. బుకింగ్ ధరలో కలపని సిటీ ట్యాక్స్ మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్లో విడిగా కట్టించుకుంటారు, అది లెక్కలో వేసుకోండి. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో టెర్మినీ చేరుస్తుంది, టికెట్ 14 యూరోలు. తెస్తాచ్చో, ట్రస్తేవెరె వైపు ఉంటే అంతకంటే చౌకగా ఓస్తియెన్సె, ట్రస్తేవెరె స్టేషన్ల మీదుగా పోయే మామూలు రైలు ఎక్కండి. పాత నగరం గోడల లోపలికి అధికారిక తెల్ల ట్యాక్సీకి నిర్ణయించిన ధర 55 యూరోలు, నలుగురు కలిస్తే ఇదే మేలు. ఊళ్ళో బస్సు, మెట్రో టికెట్ ఒకటే, 100 నిమిషాలకి 1.50 యూరోలు, బ్యాంకు కార్డు మెషీన్‌కి తాకించినా చాలు, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. టెర్మినీ నుంచి వాటికన్ వైపు పోయే 64 నంబర్ బస్సులో జేబులు, బ్యాగులు జాగ్రత్త.

గురువారం సాయంత్రం గదిలో సామాను పడేసి, కాసేపు నడిచి, ఏడున్నరకల్లా హోటల్ తలుపు తెరిచే వేళకి వెళ్ళిపోండి. ఆ టైముకి వెళ్తే రిజర్వేషన్ లేకపోయినా చాలాచోట్ల టేబుల్ దొరుకుతుంది, తొమ్మిదింటి దాకా టేబుల్ మీది అని చెప్పి కూర్చోబెడతారు. శుక్ర, శని రాత్రులకి, ఆదివారం మధ్యాహ్నానికి మాత్రం ముందుగా ఫోన్ చేసో, ఆన్‌లైన్‌లోనో చెప్పి పెట్టుకోండి. మెనూలో అంతిపాస్తో (ముందు తినే చిరుతిండి), ప్రీమో (పాస్తా లాంటివి), సెకోందో (మాంసం, చేప), కొంతోర్నో (కూరగాయలు) అని నాలుగు భాగాలు చూసి టెన్షన్ పడొద్దు, అన్నీ తీసుకోవాలని ఎవరూ అనరు. ఇద్దరు కలిసి ఒక అంతిపాస్తో పంచుకుని, తలా ఒక పాస్తా తీసుకుంటే కడుపు నిండుతుంది. కూరగాయలు అసలు వంటకంతో రావు, కొంతోర్నో కింద విడిగా చెప్పుకోవాలి. బిల్లులో "పానె" అనో, "కొపెర్తో" అనో ఒకటి రెండు యూరోలు కనిపిస్తే కంగారుపడకండి, మొదటిది బ్రెడ్డుకి, రెండోది టేబుల్ దగ్గర కూర్చున్నందుకు. టిప్ ఇవ్వకపోతే తప్పు కాదు.

రోమ్ పాస్తా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే మెనూ సగం అర్థమైనట్టే. ముఖ్యమైనవి నాలుగు, నాలుగూ ఒకే కుటుంబం. గొర్రెపాల చీజ్ పెకొరీనో, మిరియాలు, ఈ రెండే కలిస్తే కాచో ఎ పేపె. దానికి పంది చెంపమాంసం గ్వాంచాలె వేయించి కలిపితే గ్రీచా. గ్రీచాకి టమాటా చేరిస్తే అమాత్రిచానా, గుడ్డు చేరిస్తే కార్బొనారా. అంతే. కార్బొనారాలో క్రీమ్ ఉండదు, ఆ నునుపంతా గుడ్డుసొనది, చీజ్‌ది, పాస్తా ఉడికించిన నీళ్ళది. నలుగురు వెళ్తే నాలుగూ చెప్పి తలా కాస్త రుచి చూడండి, ఒక్కో పదార్థం చేరేకొద్దీ రుచి ఎలా మారుతుందో నాలిక మీద తెలుస్తుంది. ఇద్దరే అయితే మొదటి రాత్రి కాచో ఎ పేపెతో మొదలుపెట్టండి, గురువారం కాబట్టి రెండోది న్యోక్కి.

మాంసం తినని వాళ్ళకి రోమ్ కష్టం కాదు, కానీ అడిగి తినాలి. గుమ్మడిపూల వేపుడు చూస్తే శాకాహారమే అనిపిస్తుంది, లోపల మోజ్జరెల్లాతోపాటు ఆంకోవీ చేప ముక్క పెడతారు. చలికాలంలో వచ్చే పుంతరెల్లె ఆకుల సలాడ్‌లోనూ ఆంకోవీయే. సుప్లీ అనే అన్నం ఉండల వేపుడులో చాలాసార్లు మాంసం సాస్ ఉంటుంది. మాంసం లేకుండా అని అడిగితే చేపని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, అందుకని "వెజెతారియానో" అని చెప్పి, చేప కూడా వద్దని విడిగా చెప్పండి. పెకొరీనో రొమానో చీజ్‌ని గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెనెట్‌తో పేరబెడతారు, అది కూడా పట్టింపు ఉన్నవాళ్ళు కాచో ఎ పేపె తినలేరు. పట్టింపు లేని శాకాహారులకి కాచో ఎ పేపె ఉంది, అందరికీ టమాటా, వెల్లుల్లితో చేసే పీజ్జా మరినారా ఉంది. అలాగే వెల్లుల్లి, ఎండుమిరపతో వేయించిన చికోరియా ఆకుకూర తప్పకుండా చెప్పుకోండి, కాస్త చేదుగా, కారంగా భలే ఉంటుంది.

శుక్రవారం పొద్దున్నే లేవాలి. ఏడింటికి సెయింట్ పీటర్స్ చర్చి తెరుస్తారు, టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ ఒక్కటే, ఆ వేళకి అదీ పెద్దగా ఉండదు. పదయ్యేసరికి అదే క్యూ చౌకంతా చుట్టుకుని ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి, లేకపోతే లోపలికి పంపరు. గుమ్మం దాటగానే కుడివైపు మైకెలాంజెలో చెక్కిన పియెతా, చనిపోయిన యేసుని ఒళ్ళో పెట్టుకున్న మరియ విగ్రహం ఉంది, ఆ వేళలో దాని ముందు కాసేపు ప్రశాంతంగా నిలబడొచ్చు. అక్కడినుంచి మ్యూజియం గుమ్మం వేరే వైపు, గోడ చుట్టూ పావుగంటకి పైనే నడవాలి, కాబట్టి మ్యూజియం స్లాట్ ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య తీసుకోండి. దారిలో ఏదో ఒక బార్‌లో నిలబడి ఒక కాపుచ్చీనో, క్రొసాంట్ లాంటి కొర్నెత్తో ఒకటి. రోమ్‌లో బార్ అంటే కాఫీ కొట్టు, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర, చారిత్రక కట్టడాల పక్కన ఆ తేడా చాలా ఉంటుంది. క్రీమ్ కూరిన మరిటొజ్జో బన్ను కనిపిస్తే అది కూడా.

మ్యూజియంలో అన్నీ చూడాలనుకోకండి, ఒక్కపూటలో జరిగే పని కాదు. చిత్రకారుడు రఫాయెల్ బొమ్మలు గీసిన గదులు, ఆ తర్వాత సిస్టైన్ చాపెల్, దారిలో కంటికి నచ్చినవి. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో బొమ్మలు గీసిన ఆ చాపెల్ పైకప్పు చూడ్డానికి గోడ పక్కన బల్లల మీద చోటు దొరికేదాకా ఆగి కూర్చోండి, నిలబడి చూస్తే ఐదు నిమిషాలకే మెడ పట్టేస్తుంది. అక్కడ ఫోటోలు తీయకూడదు. ఎలా చూసుకున్నా పన్నెండు, పన్నెండున్నరకి బయట ఉంటారు, పక్కనే ప్రాతి పేట. ఇక్కడ పీజ్జా అల్ తాల్యో తినండి, పెద్ద పళ్ళెంలో కాల్చిన పీజ్జాని కత్తెరతో కోసి తూకానికి అమ్ముతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే చాలు, చిన్న ముక్కలుగా నాలుగైదు రకాలు తీసుకోండి. పక్కన ఒక సుప్లీ, వేడిగా ఉన్నప్పుడే విరవాలి, లోపలి చీజ్ తీగలా సాగుతుంది, పాత టెలిఫోన్ వైరులా ఉంటుందని దాన్ని "అల్ తెలెఫోనో" అంటారు.

తర్వాత గదికెళ్ళి రెండు గంటలు పడుకోండి. నిజంగా చెప్తున్నాను, మధ్యాహ్నం విశ్రాంతి లేని రోమ్ ట్రిప్‌లో సాయంత్రాలన్నీ అలసటతోనే పోతాయి. చాలా చర్చిలు కూడా మధ్యాహ్నం మూసి మూడు, నాలుగు గంటలకే తెరుస్తారు కాబట్టి పోగొట్టుకునేదేమీ లేదు. లేచాక సాంత్ ఆంజెలో వంతెన దాటి నవోనా చౌకు, అక్కడినుంచి రెండు నిమిషాల్లో సాన్ లుయిజీ దెయి ఫ్రాంచేజీ చర్చి, లోపల ఎడమవైపు చివరి గదిలో చిత్రకారుడు కరవాజ్జో గీసిన బొమ్మలు మూడు, టికెట్ లేకుండా. దీపం వెలగడానికి చిల్లర వేయాల్సి వస్తుంది, నాణేలు దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత పాత రోమన్ల గుడి పాంథియన్, 2023 నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. దాదాపు 1900 ఏళ్ళ కిందటి కాంక్రీటు గుమ్మటం, 43 మీటర్ల వెడల్పు, లోపల ఇనుప చువ్వ ఒక్కటి లేదు, నడినెత్తిన తొమ్మిది మీటర్ల గుండ్రటి ఖాళీ. వాన పడుతుంటే ఇంకా మంచిది, నీళ్ళు నేరుగా లోపలికి పడి నేలలోని చిన్న రంధ్రాల్లోంచి పోతుంటాయి. రాత్రికి చేప కాబట్టి కాంపో దె ఫియోరి చౌకు వైపు ఉప్పుచేప బక్కలా, పిండిలో ముంచి వేయించింది.

శనివారం తొందర లేదు. తెస్తాచ్చో మార్కెట్‌కి పదిన్నరకి వెళ్ళినా చాలు, కూరగాయలు, చీజ్, మాంసం కొట్ల మధ్యే తిండి కొట్లు కూడా ఉంటాయి. ఈ పేట పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన కబేళా చుట్టూ పెరిగింది, అది 1975లో మూతపడింది. మంచి మాంసం డబ్బున్నవాళ్ళకి పోగా మిగిలిన తోక, బోటి, పేగులు, గుండె, వీటిని "క్వింతో క్వార్తో", అంటే ఐదో పావు అనేవారు, పనివాళ్ళ ఇళ్ళలో వాటితోనే గొప్ప వంటలు పుట్టాయి. ఎద్దుతోకని టమాటా, సెలరీతో గంటలకొద్దీ ఉడికించే కోదా అల్లా వక్కినారా ఇక్కడే తినాలి. శనివారం కదా, పెకొరీనో, పుదీనా వేసిన బోటి కూడా. పక్కనే ఉన్న గడ్డి కొండ నిజమైన కొండ కాదు, పాత రోమ్‌లో నూనె తెచ్చిన మట్టి కుండల పెంకులు పోగుపడి 35 మీటర్ల ఎత్తు అయింది. నూనె ఇంకిన కుండ మళ్ళీ పనికిరాదని పగలగొట్టి ఇక్కడ పేర్చేవారు. తిండి చరిత్ర ఇలా కొండలా కళ్ళముందు ఉండడం ఇంకెక్కడా చూడలేదు నేను.

సాయంత్రం అవెంతీనో గుట్ట ఎక్కి నారింజతోటలోంచి ఊరు చూసి, ఆ పక్కనే మాల్టా నైట్స్ అనే పాత క్రైస్తవ సంఘం వాళ్ళ తలుపు తాళం రంధ్రంలోంచి సెయింట్ పీటర్స్ గుమ్మటం చూసి, కిందికి దిగి నది దాటితే ట్రస్తేవెరె. రాత్రికి అక్కడ పల్చటి రోమన్ పీజ్జా, అంచు కరకరలాడాలి. జెలాటో కొనేటప్పుడు ఒకటి చూడండి, పిస్తా మరీ పచ్చగా, అరటిపండు పసుపుగా, గుట్టలు గుట్టలుగా పైకి పేర్చి ఉంటే ముందుకెళ్ళిపోండి. మూతలున్న స్టీలు డబ్బాల్లో పెట్టి, పిస్తా మట్టిరంగులో ఉన్నచోట ఆగండి.

ఆదివారం కొలోసియానికి పొద్దుటి మొదటి స్లాట్లలో ఒకటి. ఆదివారాలు ఫోరి ఇంపెరియాలి రోడ్డు మీద కార్లు ఆపేస్తారు, రోడ్డు మధ్యలో నడుస్తూ వెళ్ళొచ్చు. ఫోరమ్‌లో నీడ తక్కువ, రాళ్ళు ఎగుడుదిగుడు, పాత బూట్లే వేసుకోండి. సీసా మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, ఊళ్ళో దాదాపు 2500 "నసోనీ" కుళాయిలు ఎప్పుడూ పారుతుంటాయి, నీళ్ళు చల్లగా, తాగడానికి బాగుంటాయి, కింది మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు నేరుగా నోటికి అందేలా ఎగజిమ్ముతాయి.

ఒంటిగంటకి గెట్టోలో ముందే చెప్పిపెట్టుకున్న టేబుల్ దగ్గర ఉండండి. యూదులు ఈ ఊళ్ళో రెండువేల ఏళ్ళకి పైగా ఉన్నారు, 1555లో పోప్ ఆజ్ఞతో వాళ్ళని ఈ నది ఒడ్డు ఇరుకు సందుల్లో గోడ కట్టి ఉంచారు. ఆ ఇరుకు వంటిళ్ళ నుంచి వచ్చిందే కార్చోఫి అల్లా జుదీయా, ఆర్టిచోక్ మొగ్గని మొత్తంగా నూనెలో రెండుసార్లు వేయిస్తే బంగారు రంగు పువ్వులా విచ్చుకుంటుంది, రేకులు అప్పడంలా విరుగుతాయి, మధ్యలో వెన్నలా ఉంటుంది. దీని అసలు కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. తేదీలు మీ చేతిలో ఉంటే మార్చిలో వెళ్ళమంటాను, ఎండ తక్కువ, ఆర్టిచోక్ తాజాది. ఆగస్టు మాత్రం వద్దు, 15వ తేదీ పండగ అటూ ఇటూ కుటుంబాలు నడిపే హోటళ్ళు చాలావరకు మూసి ఉంటాయి, ఎండ కూడా తట్టుకోలేం.

ట్రెవీ ఫౌంటెన్ సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు కదా, కావాలనే చివరికి పెట్టాను. సాయంత్రం అక్కడ నీళ్ళు కనపడనంత జనం ఉంటారు. సోమవారం పొద్దున్న ఆరింటికి, సామాను గదిలో ఉండగానే వెళ్ళండి. వీధులు కడుగుతుంటారు, నీళ్ళ చప్పుడు పక్క సందులోకే వినిపిస్తుంది. కాసేపు కూర్చుని, అటుగా తెరిచిన మొదటి బార్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఒక కొర్నెత్తో, ఒక కాఫీ తీసుకుని, ఆ తర్వాత ఎయిర్‌పోర్టుకి.